కత్తి బరువు కిలోనే, తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఊరూ, కోటా, దగ్గుతూనే ఆజ్ఞలిచ్చే ఆ ముసలి దళవాయీ భలే కుదిరారు. యుద్ధం మొదలయ్యాక మాత్రం నువ్వు కనబడలేదు, సినిమా కనబడింది. "పది కిలోల ఖడ్గాన్ని గిరగిరా తిప్పుతూ" అన్న చోట ఆగిపోయాను. నవ్వలేదులే, నా మొదటి కథలో పన్నెండు కిలోలు రాసిన ఘనుణ్ణి నేను.

అది అచ్చయ్యాక, పాత ఆయుధాలు పోగేసుకునే ఒక పెద్దాయన నన్ను ఇంటికి పిలిచి, ఏమీ అనకుండా ఒక తల్వార్ చేతిలో పెట్టాడు. కిలోకి కాస్త అటూ ఇటూ ఉంటుందంతే. నన్ను ఇబ్బంది పెట్టింది బరువు కాదు, పిడి. నాలుగు వేళ్లూ అందులో ఇరుక్కున్నాయి, పైగా పిడి చివర పళ్లెంలాంటి బిళ్ల ఒకటుంటుంది చూడు, కట్టెలు కొట్టినట్టు కొట్టబోతే అది మణికట్టుకి అడ్డం తగిలి చెయ్యి సాగనివ్వలేదు. "కొట్టకు బాబూ, భుజం కదిలించి కోస్తూ లాగు" అన్నాడాయన. ఆ దెబ్బకి నా యుద్ధం పేజీలన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. నీ కథలో 'నరికాడు' ఎన్నిసార్లుందో ఒకసారి లెక్కపెట్టుకో.

ఒరలోంచి దూయగానే ఖణేల్మని మోగించడం కూడా మానెయ్. చెక్కకి తోలో మఖమలో చుట్టిన ఒర అలా ఎక్కడ మోగుతుంది?

ఇక యుద్ధమంటే ఇద్దరు వీరులు ఎదురెదురుగా నిలబడి తేల్చుకోవడమనే భ్రమ పెట్టుకోకు. 1565లో రక్కసి తంగడి దగ్గర ఫిరంగులున్నాయి, గుర్రాలున్నాయి, ఏనుగులున్నాయి. విజయనగర సేనని నడిపిన అళియ రామరాయల తల తెగింది ఆయన పట్టుబడ్డాక. 1757లో బొబ్బిలి కోటని కూల్చింది ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు. మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే పాపారాయుడి దెబ్బ పడింది యుద్ధం అయిపోయాక, రాత్రిపూట, బొబ్బిలి మీదికొచ్చిన విజయరామరాజు డేరాలో. ఆ చీకట్లో ఊపిరి బిగబట్టి నడవడం రాయి, నాకు వంద మందిని నరికిన వీరుడు అక్కర్లేదు.

అసలు నీ కథ నిజామాబాద్ వైపు పెట్టుకుని కోనసముద్రాన్ని ఎలా వదిలేశావయ్యా? ఇనుము ముక్కలు మట్టిమూసలో పెట్టి, నోరు మూసి, గంటల తరబడి తిత్తులు ఊది, మెల్లగా చల్లార్చి తీసిన ఉక్కు ముద్దలు అక్కడివి. 1820ల్లో వాయిసీ అనే తెల్లడాక్టరు అక్కడికి వెళ్తే, ఆ ఉక్కు కొనుక్కోవడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చి కూర్చున్న వర్తకుడు కనబడ్డాడు. డమాస్కస్ కత్తి అంటూ లోకమంతా మురిసిపోయిన అలల గీతలు ఇలాంటి ముద్దల్లోంచి వచ్చినవే. ఆ ముద్దని కాల్చేటప్పుడు వేడి కాస్త ఎక్కువైతే సుత్తి దెబ్బకి పగిలిపోతుంది, అన్నాళ్ల చాకిరీ మట్టిపాలు. కమ్మరి గుండె దడ అక్కడుంటుంది.

ముందు ఆ మూస పగలగొట్టే సీను ఒక్కటి రాసి పంపు. యుద్ధం సంగతి తర్వాత చూద్దాం.

మీ అన్న