బండిని గుద్దాక ఎవరి డబ్బు ఎవరు కడతారు: డాలస్ కొత్తవాళ్ళకి

సందేహం: ఇర్వింగ్‌కి వచ్చి కొద్ది నెలలైంది. లోన్ మీద పాత కామ్రీ కొన్నాను, చవగ్గా వచ్చిందని ఒక ఇన్సూరెన్సు తీసుకున్నాను. అమ్మానాన్న వచ్చే నెల వస్తున్నారు. వాళ్ళు బండిలో ఉండగా ఎవరైనా గుద్దితే ఏం చేయాలి?

జవాబు: వాళ్ళు రాకముందే అడిగారు, చాలా మంచిపని. మనవాళ్ళలో ఎక్కువమంది ఈ ప్రశ్న టో ట్రక్కు వచ్చి నిలబడ్డాక అడుగుతారు. అప్పటికి చెప్పగలిగింది సగమే. లైసెన్సు నియమాల్లాంటివి ప్రభుత్వ సైట్లలో ఎలాగూ దొరుకుతాయి. నేను చెప్పేది ముఖ్యంగా డబ్బు గురించి. ఈ దేశంలో గుద్దుడు వల్ల బండికి తగిలే దెబ్బ కంటే, ఆ తర్వాత తెలియక ఒప్పుకునే మాటల వల్ల పర్సుకి తగిలే దెబ్బ పెద్దది.

అక్కడికక్కడ చేయాల్సింది కొంచెమే. బండి ఆపకుండా వెళ్ళిపోవడం నేరం, తప్పు మీది కాకపోయినా సరే. ఫ్రీవే మీద బండి కదిలే స్థితిలో ఉంటే మెయిన్ లేన్లో ఉంచకూడదు. పక్కకి తీయమని టెక్సస్ చట్టమే చెబుతోంది. ఫొటోల కోసం లేన్లో నిలబడకండి, రెండోసారి గుద్దేది వెనక నుంచి వచ్చే ట్రక్కు. కదలకపోతే హజార్డ్ లైట్లు వేసి, దిగడం ప్రమాదం అనిపిస్తే బెల్టు పెట్టుకునే కూర్చుని 911 చేయండి. ఏ రోడ్డు, ఏ వైపు వెళ్తున్నారు, దగ్గరి ఎగ్జిట్ ఏది, ఎంతమందికి దెబ్బలు తగిలాయి. ఈ నాలుగూ వరసగా చెబితే చాలు. ఎవరికీ దెబ్బలు తగలక, బళ్ళు నడిచేలా ఉంటే పెద్ద ఊళ్ళలో పోలీసులు రాకపోవచ్చు. అప్పుడు మీ ఫోన్లో ఉన్న ఫొటోలే సాక్ష్యం.

అందుకని ఫొటోలు బాగా తీయండి. రెండు బళ్ళ నాలుగు మూలలు, ప్లేట్లు, అవతలివాళ్ళ లైసెన్సు, ఇన్సూరెన్సు కార్డు రెండు వైపులా, అద్దం కింద అంచున కనిపించే విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు). మనవాళ్ళు సొట్ట మీదే పది ఫొటోలు తీసి అక్కడితో ఆగిపోతారు. తప్పెవరిదో తేల్చేది దూరం నుంచి తీసిన ఫొటో: లేన్ గీతలు, సిగ్నల్, బ్రేకు మరకలు, రాలిన గాజు ముక్కలు ఎక్కడున్నాయో అన్నీ ఒకే ఫ్రేములో రావాలి. డాష్‌క్యామ్ ఉంటే ఆ క్లిప్పుని వెంటనే లాక్ చేయండి, లేదంటే కొత్త రికార్డింగు దాని మీదే పడిపోతుంది. ఎవరైనా చూసి ఆగితే వాళ్ళ ఫోన్ నంబరు తీసుకోండి.

మాటలు తక్కువ మాట్లాడండి. మర్యాదకి "సారీ" అనేయడం మనకి అలవాటు. దాన్ని అవతలివాళ్ళ ఇన్సూరెన్సు కంపెనీ ఒప్పుకోలు కింద రాసుకుంటుంది. "మీకేం కాలేదు కదా" అని అడగండి, చాలు. టెక్సస్‌లో తప్పు శాతాల్లో పంచుతారు. మీ వాటా యాభై దాటితే అవతలివాళ్ళ నుంచి రూపాయి రాదు. యాభై, అంతకంటే తక్కువైతే ఆ మేరకి కోసుకుని ఇస్తారు. ఒక్క మాటతో పోగొట్టుకునేది ఎంతో ఇప్పుడు లెక్క కట్టుకోండి.

ఇంకో ఉచ్చు నగదు బేరం. "ఇన్సూరెన్సు వద్దు, మూడు వందలు ఇచ్చేస్తా" అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకి ప్రీమియం పెరుగుతుందని భయం, సరే అనేస్తారు. బంపర్ ప్లాస్టిక్ నొక్కుకుని మళ్ళీ యథాస్థితికి వచ్చేస్తుంది, పైకి గీతలే కనిపిస్తాయి. లోపల ఫోమ్ చితికి ఉండొచ్చు, దాని వెనక ఇనప బార్ వంగి ఉండొచ్చు, పార్కింగ్ సెన్సార్లు, బ్లైండ్ స్పాట్ రాడార్ పక్కకి జరిగి ఉండొచ్చు. రాడార్‌ని మళ్ళీ క్యాలిబ్రేట్ చేయడమే పెద్ద ఖర్చు. షాపువాళ్ళు బంపర్ విప్పేదాకా అసలు బిల్లు ఎవరికీ తెలియదు. అందుకే యాప్‌లో ఫొటోలు చూసి కంపెనీ ఇచ్చే మొదటి అంచనా కూడా తక్కువే ఉంటుంది. విప్పాక షాపు "సప్లిమెంట్" పంపుతుంది, ఆ తేడా కంపెనీ కట్టాలి. మొదటి చెక్కు చూసి బెంబేలు పడకండి. షాపు ఎంచుకునే హక్కు టెక్సస్‌లో మీదే, వాళ్ళు చెప్పిన చోటుకే వెళ్ళక్కర్లేదు.

ఇక ఎవరు కడతారు. తప్పు అవతలివాళ్ళదైతే రెండు దారులున్నాయి. వాళ్ళ కంపెనీ మీద క్లెయిమ్ వేస్తే డిడక్టబుల్ (రిపేరు బిల్లులో ముందు మీ జేబులోంచి కట్టే వాటా) ఉండదు, అద్దె బండి ఖర్చు, రిపేరయ్యాక కూడా బండి విలువ తగ్గినందుకు పరిహారం అడగొచ్చు. కానీ వాళ్ళు తీరిగ్గా తేలుస్తారు. మీకు కొలిజన్ కవరేజీ (గుద్దుడులో మీ సొంత బండికి తగిలిన దెబ్బకి కట్టేది) ఉంటే మీ కంపెనీతోనే చేయించుకుని, డిడక్టబుల్ కట్టి, తర్వాత అది వాళ్ళ నుంచి రాబట్టమనొచ్చు. ఆఫీసుకి వెళ్ళడానికి బండి తప్పనిసరి అయితే ఈ దారే మేలు. మీ కంపెనీతో మీరు సహకరించాలి. అవతలి కంపెనీ "రికార్డెడ్ స్టేట్‌మెంట్" అడిగితే మాత్రం ఇచ్చి తీరాలని ఏమీ లేదు.

అమ్మానాన్నల విషయం ఇంకా ముఖ్యం. ప్రమాదం జరిగిన వేడిలో నొప్పి తెలియదు. మెడ బిగుసుకుపోవడం మర్నాడు మొదలవుతుంది. పెద్దవాళ్ళు బిల్లుకి భయపడి "నాకేం కాలేదురా" అంటారు. పొట్ట మీద బెల్టు వాత పడినా, తల తగిలి వాంతి అయినా, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళయినా వాళ్ళ మాట వినకండి, అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. ఆలస్యం చేస్తే ప్రాణానికి ప్రమాదం. పైగా, వారం తర్వాత చూపించుకుంటే ఈ నొప్పికీ ఆ గుద్దుడికీ సంబంధం లేదని అవతలి కంపెనీ వాదిస్తుంది.

ఆ బిల్లుకి దారి మీ పాలసీలోనే ఉంది, దాని పేరు పిప్ (పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్). టెక్సస్‌లో పిప్ ఇవ్వజూపకుండా పాలసీ అమ్మకూడదు. మొదలే 2,500 డాలర్లు. వద్దనుకుంటే సంతకం పెట్టి వద్దనాలి. చవగ్గా వచ్చిందన్నారు చూడండి, ఆన్‌లైన్లో గబగబా నొక్కుతూ పోయినప్పుడు మీరు పెట్టిన సంతకాల్లో అదొకటి అయ్యుంటుంది. పిప్ ఉంటే తప్పెవరిదైనా మీ బండిలో ఉన్నవాళ్ళ వైద్యానికి కడుతుంది, విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ళకి కూడా. విజిటర్ ఇన్సూరెన్సుల్లో చవక రకాలు ఒక్కో చికిత్సకి ఇంతే అని లెక్కగట్టి ఇస్తాయి, ఎమర్జెన్సీ బిల్లు ముందు అవి ఏ మూలకీ రావు. ప్రమాదమైన 72 గంటల్లోపు ఆసుపత్రిలో చేర్చుకుంటే, ఆ బిల్లు కోసం మీకు రాబోయే పరిహారం మీద ఆసుపత్రి హక్కు పెట్టుకోవచ్చు. కాబట్టి వైద్యం పూర్తవకుండా, బిల్లులన్నీ చేతికి రాకుండా అవతలి కంపెనీ "రిలీజ్" కాగితం (ఇక ఏమీ అడగనని రాసివ్వడం) మీద సంతకం పెట్టొద్దు. పెడితే అంతటితో ఆఖరు. దావా వేయడానికి రెండేళ్ళ గడువుంది, తొందరేం లేదు. రెండు మూడు రోజుల్లో ఎవరో ఫోన్ చేసి, డాక్టర్నీ లాయర్నీ మేమే చూస్తామంటే పెట్టేయండి. అలా కేసుల కోసం ఫోన్లు చేయడం ఇక్కడ నేరం. లాయరు కావాలంటే మీరే వెతుక్కోండి. సాధారణంగా మూడో వంతు, అంతకు మించి కూడా తీసుకుంటారు. ఎముక విరగడం, ఆపరేషన్ లాంటివైతే ఆ ఖర్చు దండగ కాదు.

బండి టోటల్ అయితే, అంటే బాగుచేయడం దండగని తేలిస్తే, కంపెనీ పంపే విలువ నివేదిక అడిగి తీసుకుని లైను లైనూ చదవండి. మోడల్ రకం తప్పు రాయడం, పోలిక కోసం ఎక్కువ మైళ్ళు తిరిగిన బళ్ళని చూపించడం మామూలే. చుట్టుపక్కల డీలర్ల దగ్గర అదే ఏడాది, అవే మైళ్ళున్న బళ్ళ ప్రకటనలు పంపి తిరిగి లెక్కించమనండి. 6.25 శాతం సేల్స్ టాక్స్ కలిపారో లేదో చూడండి. చెక్కు ముందు లోన్ ఇచ్చినవాళ్ళకి వెళ్తుంది. అది వాళ్ళకి చేరేదాకా ఈఎంఐ ఆపకండి. బండి లేదు కదా అని మానేసి, అప్పుడప్పుడే మొలకెత్తుతున్న క్రెడిట్ స్కోరుని చేజేతులా నరుక్కునేవాళ్ళు ఏటా ఉంటారు. విలువ కంటే లోన్ ఎక్కువైతే మిగిలింది మీ జేబులోంచే, గ్యాప్ ఇన్సూరెన్సు ఉంటే తప్ప. యార్డులో బండి ఉన్న ప్రతి రోజుకీ అద్దె పడుతుంది, ఎక్కడుందో మీ కంపెనీకి అదే రోజు చెప్పండి. వదిలేసే ముందు టోల్‌ట్యాగ్, ప్లేట్లు, గ్యారేజీ రిమోట్ తీసుకోండి.

పసిపిల్లల సీటు ఉంటే దాన్నీ క్లెయిమ్‌లో రాయించండి. బండి నడవలేకపోయినా, సీటు పక్క తలుపుకి దెబ్బ తగిలినా, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నా, ఎవరికైనా గాయమైనా, సీటు మీద పగులు కనిపించినా ఆ సీటు మార్చాల్సిందే. పాతదాని బెల్టులు కత్తిరించి పారేయండి, ఇంకొకరు వాడకుండా.

పోలీసులు వచ్చి ఉంటే వాళ్ళ నివేదిక సీఆర్-3, టెక్సస్ రవాణా శాఖ సైట్లో 6 డాలర్లకి దొరుకుతుంది. మీకు టికెట్ రాస్తే దాని మీదున్న తేదీ దాటనివ్వకండి, దాటితే వారంటు వస్తుంది, వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ తలనొప్పి అక్కర్లేదు. తప్పు ఒప్పుకున్నానని రాసేకంటే "నో కాంటెస్ట్" (తప్పు ఒప్పుకోను, వాదించను) అని రాస్తే, ఆ మాటని తర్వాత నష్టపరిహారం దావాలో మీ మీద వాడలేరు.

ఈ వారాంతం మీ పాలసీ మొదటి పేజీ తెరవండి. 30/60/25 అని ఉంటే అది చట్టం అడిగిన కనీసం: ఒకరి గాయానికి 30,000, అందరికీ కలిపి 60,000, వస్తువులకి 25,000 డాలర్లు. మీరు ఒక కొత్త పికప్‌ని గుద్దితే ఆ 25,000 చాలకపోవచ్చు, మిగతాది మిమ్మల్నే అడుగుతారు. 100/300/100కి పెంచితే ప్రీమియం ఎంత పెరుగుతుందో అడగండి, అనుకున్నంత ఉండదు. పిప్, అన్ఇన్సూర్డ్ మోటరిస్ట్ (ఇన్సూరెన్సు లేనివాళ్ళు గుద్దితే మీకు కట్టేది) రెండూ చేర్చండి. ఇన్సూరెన్సు లేకుండా తిరిగే బళ్ళు ఇక్కడ తక్కువేం కాదు. చివరగా "ఎక్స్‌క్లూడెడ్ డ్రైవర్" అని ఎవరి పేరైనా రాసి ఉందేమో చూడండి. అలా పేరు పెట్టి తప్పించిన రూమ్మేట్ ఒక్కసారి కూరగాయలకి తీసుకెళ్ళి గుద్దినా కంపెనీ పైసా కట్టదు. ఆ మినహాయింపు తీయించండి, లేదా తాళాలు ఇవ్వకండి.