కంటికి కనబడని ఎత్తు

చిరంజీవి వంశీకి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు సైకిలు కొన్నావని, వచ్చే శనివారం ఉత్తర వర్జీనియాలోని డబ్ల్యూ అండ్ ఓడీ (వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్) సైకిలు బాట మీద షర్లింగ్‌టన్ నుంచి పర్సల్‌విల్ దాకా 45 మైళ్లూ ఒక్క పూటలో తొక్కేస్తానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో సగం గర్వం, సగం భయం. నాకు ఆ రెండూ లేవు, ఒక ప్రశ్న మాత్రం ఉంది. పర్సల్‌విల్‌లో బాట అయిపోతుంది. అక్కడ మెట్రో లేదు. సాయంత్రం నాలుగింటికి, కాళ్లు రెండూ చచ్చుబడ్డాక, ఆష్‌బర్న్‌లోని నీ ఇంటికి ఎలా వస్తావు?

డాలస్ వచ్చి ఏడాదైనా ఆ డబ్ల్యూ అండ్ ఓడీ బాట నా కలలోకి వస్తూనే ఉంటుంది. హెర్న్‌డన్‌లో ఉన్నన్నాళ్లూ వారానికి రెండుసార్లయినా దాని మీద ఉండేవాణ్ణి. అందుకే ఇంత పెద్ద ఉత్తరం, ఓపికగా చదువు.

అది మొదట రైలు దారి. అలెగ్జాండ్రియా నుంచి బయల్దేరి, బ్లూ రిడ్జ్ కొండలు దాటి, అవతలి బొగ్గు గనులను అందుకోవాలని పందొమ్మిదో శతాబ్దం నడుమ మొదలుపెట్టారు. 1860 నాటికి లీస్‌బర్గ్ చేరింది, కొండలు మాత్రం ఏనాడూ దాటలేదు. 1951లో ప్రయాణికుల బండి ఆగింది, 1968లో గూడ్సు కూడా ఆగిపోయింది. తర్వాత పట్టాలున్న చోట తారు పరుచుకుంటూ వచ్చి 1988కి పర్సల్‌విల్ చేర్చారు. ఈ పురాణం ఎందుకు విప్పానంటే, ఆవిరి ఇంజను నిటారు గట్టు ఎక్కలేదు. అందుకని దారి వేసినవాళ్లు ఎత్తును మైళ్ల పొడవునా పలచగా పరిచేశారు. కంటికి అది బల్లపరుపు నేల. సంగతి తెలిసేది మోకాళ్లకే.

నా మొదటిసారి చెబుతాను. లీస్‌బర్గ్ ఊరు దాటి కాసేపు తొక్కానో లేదో, బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు అయింది. బ్రేకు పట్టేసిందనుకుని దిగాను. ముందు చక్రం పైకెత్తి తిప్పితే హాయిగా గిరగిరా తిరిగింది. వెనక చక్రమూ అంతే. గాలి నొక్కి చూశాను, రాయిలా ఉంది. కొత్త సైకిలు అంటగట్టిన దుకాణాన్ని మనసులో తిట్టుకుంటూ వెనక్కి తిరిగి చూసేసరికి, నేను వచ్చిన దారి చెట్ల మధ్య నుంచి కిందికి, చాలా కిందికి జారిపోతూ కనిపించింది. క్లార్క్స్ గ్యాప్ దాకా సుమారు 4 మైళ్లు అదే వరస. బాట మొత్తంలో ఎత్తయిన చోటు అదే. రాతి కమాను వంతెన కింద నుంచి వెళతావు, గుర్తుపట్టడం తేలిక.

కాబట్టి షర్లింగ్‌టన్ మాట ఇప్పుడు వద్దు. మొదటి శనివారం నీ ఇంటి దగ్గరే, ఆష్‌బర్న్‌లో ఎక్కి పడమటికి పో. అక్కడి నుంచి పర్సల్‌విల్ 17 మైళ్లు. కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే ఎత్తు ఎక్కేస్తావు, తిరుగు ప్రయాణంలో క్లార్క్స్ గ్యాప్ నుంచి లీస్‌బర్గ్ దాకా బండి దానంతటదే దొర్లుతుంది. రానూపోనూ 34 మైళ్లు, అంటే సుమారు 55 కిలోమీటర్లు. మొదటిసారికి అది తక్కువేమీ కాదు. ఎక్కేటప్పుడు గేరు తగ్గించడానికి సిగ్గుపడకు. పెడళ్లు తేలికగా, వేగంగా తిరగాలి. బరువు గేరులో పంతం పట్టి తొక్కితే మోకాలు చిప్పలు మరునాడు పేరు పెట్టి పిలుస్తాయి.

అందం కూడా ఆ వైపే ఉంది. ఆష్‌బర్న్‌లో కాసేపు కిటికీల్లేని డేటా సెంటర్లు, హై టెన్షన్ తీగలు, రాతి క్వారీ. లోకం ఇంటర్నెట్ బరువు ఎంతో ఆ గోడల వెనకే మోస్తున్నారని మనవాళ్లలో సగం మందికి తెలుసు, అందులోనే ఉద్యోగాలు కదా. గూస్ క్రీక్ వాగు దాటాక గాలి మారుతుంది. లీస్‌బర్గ్ తర్వాత చెట్లు రెండు వైపుల నుంచీ కమ్ముకుని, మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. అక్టోబరు రెండో సగంలో వెళ్లగలిగితే చెప్పనక్కర్లేదు. కాకపోతే తడిసిన ఆకుల మీద మలుపులో బ్రేకు నొక్కకు. చెక్కలు పరిచిన వంతెనలు వానకు సబ్బు రాసినట్టు ఉంటాయి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది పక్కవాళ్లతో మెలగడం. కుడివైపు ఉండాలి, ఎడమవైపు నుంచి దాటాలి. దాటే ముందు గంట కొట్టాలి, లేదా ఎడమ నుంచి వస్తున్నానని గట్టిగా చెప్పాలి. చెప్పడం సులువే, వినడంలోనే తిరకాసు. మీ అత్తయ్య కొత్తలో ముందు తొక్కుతుంటే వెనక ఎవరో 'లెఫ్ట్' అని అరిచారు. ఆ మాట చెవిన పడగానే పాపం తను ఎడమకే తిప్పింది. అసలే పుట్టినప్పటి నుంచీ ఎడమవైపు నడిచిన ప్రాణం! ఇద్దరూ గడ్డిలో పడ్డారు. అతను లేచి తనకే క్షమాపణ చెప్పాడు. ఇంటికొచ్చి నేను నవ్వినందుకు రెండు రోజులు మాటల్లేవు. ఆ మాట వినబడితే ఏమీ చేయకు, నీ గీతలో నువ్వు తిన్నగా పో, చాలు. పసిపిల్లలు, పొడవు తాడు కుక్కలు కనిపిస్తే మాత్రం గంటతో పనవదు, వేగం తగ్గించు. వియన్నా నుంచి పడమటికి చాలా మేర పక్కనే కంకర దారిలో గుర్రాలు వెళుతుంటాయి. వాటి దగ్గర గంట అసలు కొట్టకు. మెల్లగా మాట్లాడుతూ దాటితే బెదరవు.

రోడ్లు అడ్డం వచ్చిన ప్రతిచోటా ఆగు. ఒక కారు నీ కోసం మర్యాదగా ఆగి చెయ్యి ఊపుతుంది. సంతోషంతో ముందుకు ఉరుకుతావు. పక్క వరసలో వస్తున్నవాడికి ఆ ఆగిన కారు అడ్డంగా ఉండి నువ్వు కనబడవు. రెండో వరస కూడా ఆగిందని కళ్లతో చూసుకున్నాకే కదులు. ఆ బాట మీద నేను నిజంగా భయపడింది ఇదొక్కదానికే. బాట పక్కన అర మైలుకొకటి చొప్పున అంకెలు రాసిన గుర్తులుంటాయి. దాటినదాన్నల్లా గుర్తుపెట్టుకుంటూ పో. ఆపదలో సాయానికి 911కి ఫోను చేయాల్సి వస్తే, ఆ చెట్ల మధ్య నీ చిరునామా ఆ అంకే.

పంక్చరు గురించి. మన ఊళ్లో అద్దె సైకిలుకు గాలి పోతే కొట్టువాడు తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూసేవాడు. ఇక్కడ నువ్వే కొట్టువాడివి. ఒక కొత్త ట్యూబు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లివర్లు, చిన్న పంపు సీటు కింద సంచిలో ఉండాలి. నీ ట్యూబుకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే, కొనలోని చిన్న నట్టు వదులు చేస్తేనే గాలి ఎక్కుతుంది. అది తెలియక నేను పావుగంట పంపుతో కుస్తీ పట్టాను. ట్యూబు మార్చే ముందు టైరు లోపలి అంచంతా వేలితో మెల్లగా తడుము. ఒకసారి హామిల్టన్ దగ్గర నేను ఆ పని చేయలేదు. కొత్త ట్యూబు వేసి, నా ప్రతిభకు మురిసి, రెండు మైళ్లు వెళ్లేసరికి మళ్లీ తుస్సుమంది. వడ్లగింజలో సగమంత గాజుముక్క టైరులోనే కూర్చుని ఉంది. ఆ రోజు మీ అత్తయ్య కారు వేసుకొచ్చి నన్ను తీసుకెళ్లింది. గడ్డిలో పడినందుకు నవ్విన బాకీ దారంతా వసూలు చేసింది.

తిండి: జెల్ ప్యాకెట్లు, కరెంటు రంగు పానీయాలు నీ ఇష్టం. నా సంచిలో మాత్రం ఎప్పుడూ పులిహోర ఉండేది. ఉప్పు, పులుపు, పల్లీలు, అన్నం, ఇంకేం కావాలి? కానీ పొట్ట నిండా తినకు. గంటకు నాలుగు ముద్దలు. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే. ఒక సీసాలో మంచినీళ్లు, ఇంకోదాంట్లో ఉప్పు నిమ్మరసం. జులైలో ఐతే తెల్లవారగానే బయల్దేరు, మధ్యాహ్నానికి ఉక్కపోత, దాని వెనకే ఉరుములు. కూర్చోవడానికి గడ్డిలోకి దిగితే మూడాకుల తీగను (పాయిజన్ ఐవీ) తాకకు, వారం రోజులు గోక్కుంటావు. ఇంటికి రాగానే పిక్కల మీద, మోకాళ్ల వెనక పిడుదుల కోసం చూసుకో.

పడమటి దారి రెండుసార్లు చేశాక తూర్పు సంగతి చూడు. రెస్టన్, వియన్నా మీదుగా ఈస్ట్ ఫాల్స్ చర్చ్ స్టేషను దాకా తొక్కి, సైకిలుతో సహా సిల్వర్ లైను మెట్రో ఎక్కేయొచ్చు. 2022 నవంబరు నుంచి ఆ బండి ఆష్‌బర్న్ దాకా వస్తోంది. వియన్నాలో బాట పక్కనే ఎర్రటి పాత రైలు పెట్టె ఒకటి ఉంటుంది, దాని దగ్గర ఫొటో తీసి పంపు. అక్కడ శని, ఆదివారాల్లో జనం ఎక్కువ, వేగం పెట్టుకోకు. షర్లింగ్‌టన్ సున్నా మైలు ఎక్కడికీ పోదు.

సీటు ఎత్తు సరిచూసుకున్నావా? మడమను పెడలు మీద పెట్టి కిందికి తొక్కితే కాలు సరిగ్గా తిన్నగా రావాలి. హెల్మెట్ గురించి మీ అమ్మ చెప్పే ఉంటుంది, నేను మళ్లీ చెప్పను.

పెట్రోలు బంకులో గాలి పట్టాలంటే ప్రెస్టా వాల్వు మీద బిగించే చిన్న ఇత్తడి అడాప్టరు కావాలి. నా దగ్గర రెండున్నాయి, ఒకటి ఈ కవరులోనే కాగితం మడతలో పెట్టాను. విప్పేటప్పుడు కింద పడేసుకోకు.

ఇట్లు,
మామయ్య