నాగపూర్ రైలు మ్యూజియంకు పోయే ముందు ఇది చదువు అల్లుడా

అల్లుడా, పిల్లల్ని తీస్కొని నాగపూర్‌ల నారో గేజ్, అంటే చిన్న పట్టాల రైళ్ల మ్యూజియం చూడబోతున్నవని మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది, మస్తు సంతోషమైంది. సిరొంచల పెరిగే పిల్లలకు రైలు పట్టానే కనపడదు, అసుంటిది బొగ్గింజన్ పక్కన నిలబడతరంటే ఇంజన్‌ల బొగ్గేసే ఫైర్‌మన్‌గా పార పట్టినోన్ని, నాకు ఎట్లుంటదో చూడు.

మే నెల సెలవులల్ల అన్నవంట, వద్దే వద్దు. నాగపూర్ ఎండకు ఆ ఇనుము కాలి ఉంటది, పిల్లలు ముట్టకుండ ఆగరు. దీపావళి సెలవులల్ల పోండి. ముందురోజే బల్లార్షా వచ్చి మా ఇంట్ల పండుకోండి, పొద్దుగాల బండెక్కితే చంద్రపూర్, వరోరా, హింగన్‌ఘాట్, సేవాగ్రామ్ మీంచి మూడు నాలుగు గంటలల్ల దిగుతరు. దిగినంక ఆటోవాలాకు మోతీబాగ్, కడ్బీ చౌక్ దగ్గర అని చెప్పు. సోమవారం మాత్రం పెట్టుకోకు, మ్యూజియంలకు ఎక్కువగా అదే సెలవు. టైం, టికెట్ ఆ వారమే అడిగి తెల్సుకో.

ఆ మ్యూజియం 2002 డిసెంబర్ 14న తెరిచిండ్రు. అప్పటికి సాత్పుడా కొండలల్ల చిన్న బండ్లు ఇంకా తిరుగుతనే ఉండె, నాగపూర్ నుంచి ఛింద్వాడా పోయే చిన్న లైను 2015ల బందైంది. అక్కడ పట్టాల నడుమ ఎడం 762 మిల్లీమీటర్లే, మన బల్లార్షా లైనుది 1676. కొండల మలుపులకు, తక్కువ ఖర్చుకు అట్ల ఏసిండ్రు. బల్లార్షాల ఎక్కేటప్పుడే పిల్లలకు పెద్ద పట్టా చూపియ్యి, ఆడికి పోయి చిన్నది చూస్తే వాళ్లకే సమజైతది.

ఇగ అసలు ముచ్చట. అన్నీ చూడాలని ఉరికిచ్చకు, ఫోటోలు తర్వాత దిగొచ్చు, ఒక్క ఆవిరి ఇంజన్ దగ్గర అరగంట నిలబడు. ఎనక డ్రైవర్ నిలబడే కాడికెల్లి మొదలువెట్టు, పొయ్యి ఆడ ఉంటది, ఆ మంట బాయిలర్ లోపల గొట్టాలల్లకెల్లి ముందుకు పోతది, గొట్టాల చుట్టూ నీళ్లుంటయి, అవే ఆవిరైతయి, ఆ ఆవిరి సిలిండర్ల పిస్టన్‌ను నూకుతది, పిస్టన్ రాడ్‌ను, రాడ్ చక్రాన్ని. పని చేసినంక ఆవిరిని ఊరికె బయటికి ఇడువరు, పొగగొట్టంల నుంచే పైకి కొడతరు, అది పోయేటప్పుడు పొయ్యిల గాలిని గుంజుతది, మంట ఇంకింత రేగుతది. అంటే బండి ఎంత కష్టపడితే పొయ్యి అంత మండుతదన్నట్టు, ఎవరి బుర్రకు తట్టిందో గాని ఇప్పటికీ తలుచుకుంటే నాకు దండం పెట్టబుద్ధయితది. పిల్లలు ఛుక్ ఛుక్ అంటరు సూడు, అదే ఆ సప్పుడు. రెండు సిలిండర్ల ఇంజన్‌కు చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు సార్లు వస్తది.

గేజ్ గ్లాస్ కూడా వెతికి చూపియ్యి, బాయిలర్‌ల నీళ్లెంతున్నయో చెప్పే గాజు గొట్టం. కొత్తల నేను బొగ్గు ఒక్క కాడనే కుప్పేసిన, మంట పల్చబడింది, ఆవిరి పడిపోయి గూడ్సు ఎత్తు మీద ఆగింది. డ్రైవర్ తిట్టలే, ముందు నీళ్లు చూడు, తర్వాత మంట చూడు అన్నడు. నీళ్లు తగ్గి, నీళ్ల కింద ఉండాల్సిన పొయ్యి పైకప్పు బయటపడితే అందుల ఉన్న సీసం బిరడా కరిగి ఆవిరి పొయ్యిలకు దుంకుతది, అట్ల కాకుంటే బాయిలరే పేలుతది. ఈ సంగతి పెద్దోడికి చెప్పు, వాడికి భయం తెలిసినా మంచిదే.

కదిలే ఇంజన్ చూడాలని పిల్లలు మారాం చేస్తే మెట్టుపాలయం నుంచి కూనూర్ ఎక్కే ఊటీ బండి ఉంది, ఇప్పుడు ఎక్కువగా బొగ్గు కాదు నూనెతోని మండిస్తున్నరు. హర్యానాల రేవాడీ షెడ్డు కూడా ఉంది, 1893 నాటిది, ఆడ ముసలి ఇంజన్లను ఇప్పటికీ రాజేస్తరు. అది వేరే ప్రయాణం, పిల్లలు ఇంకొంచెం పెరిగినంక.

రొట్టెలు మీ అత్త కట్టిస్తది, నీళ్ల బాటిళ్లు మాత్రం మరువకు. తారీఖు ఖాయమైతే ఫోన్ చెయ్యి, టికెట్లు నేను తీసిపెడత.