ఏడేళ్ల అనుభవం పెడతామంటున్నారు, చేరిపోనా?

‘అన్నా, మేలో మాస్టర్స్ అయింది, జూలై 20న ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేసుకునే అనుమతి) మొదలైంది. నలభై రోజులుగా అప్లై చేస్తూనే ఉన్నా, ఒక్క ఇంటర్వ్యూ లేదు. న్యూజెర్సీలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు గెస్ట్‌హౌస్ ఇచ్చి, రెజ్యూమెలో ఏడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి కాంట్రాక్టులకి మార్కెటింగ్ చేస్తామంటున్నారు. చేరిపోనా?’

తమ్ముడూ, ముందు నీ రోజుల లెక్క చూద్దాం. ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. శని, ఆదివారాలు కూడా అందులోకే వస్తాయి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు చదివినవాళ్లకిచ్చే) పొడిగింపు వచ్చాక ఇంకో 60 కలిపి 150 చేస్తారు గానీ అది ఇప్పుడు నీకు పనికొచ్చే మాట కాదు. అక్టోబరు మూడో వారానికి నీ 90 నిండిపోతాయి. ఈలోపు చదువుకు సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు చేస్తే, అది జీతం లేని వాలంటీర్ పనైనా లెక్క ఆగుతుంది. మీ ప్రొఫెసర్ ల్యాబ్‌లోనో, ఏదైనా స్వచ్ఛంద సంస్థ డేటాబేస్ దగ్గరో దొరుకుతుందేమో ఈ వారమే అడుగు. దొరికితే డీఎస్‌ఓకి (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) చెప్పి సెవిస్‌లో (ప్రభుత్వం దగ్గరుండే విద్యార్థుల రికార్డు) ఎక్కించు, చేస్తున్నట్టు ఉత్తరం తీసుకో. స్టెమ్‌లోకి వెళ్లాక ఈ వెసులుబాటు ఉండదు, అక్కడ జీతం ఉండాల్సిందే.

ఇక ఆ ఏడేళ్లు. నీకు ఇరవై నాలుగు. అంటే ఇంటర్‌లో ఇంటిగ్రేషన్ చేస్తూనే బ్యాంకుకి జావా రాశావన్నమాట. ఇంటర్వ్యూలో ఎలాగోలా గట్టెక్కినా బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. అదీ దాటినా ఆ అబద్ధం అక్కడితో ఆగదు. రేపు హెచ్-1బి (ఉద్యోగ వీసా) పిటిషన్‌లో, ఎల్లుండి గ్రీన్‌కార్డు కాగితాల్లో అదే అనుభవం రాయాల్సి వస్తుంది. ఇమ్మిగ్రేషన్ ప్రయోజనం కోసం అబద్ధం చెప్పినట్టు తేలితే జీవితాంతం ఈ దేశంలోకి రానివ్వకపోవచ్చు. ‘అందరూ చేస్తున్నారు’ అంటావు. నిజమే, చాలామంది చేస్తున్నారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ప్రభుత్వమే నడిపిన దొంగ యూనివర్సిటీ వ్యవహారంలో పట్టుబడ్డ మన తెలుగు పిల్లలు కూడా అందరూ చేరుతున్నారనే చేరారు.

అసలు ఈ కాంట్రాక్టు ఉద్యోగం ఎన్ని చేతులు మారుతుందో తెలిస్తే నీకే అర్థమవుతుంది. పని ఎండ్ క్లయింట్‌ది, అంటే అసలు పని చేయించుకునే కంపెనీది. దాన్ని ప్రైమ్ వెండరో, ఇంప్లిమెంటేషన్ పార్ట్‌నరో తీసుకుంటాడు. వాడి కింద ఒకరో ఇద్దరో సబ్‌వెండర్లు. అట్టడుగున నీ కన్సల్టెన్సీ, దానికింద నువ్వు. మాటకి క్లయింట్ గంటకి 80 డాలర్లిస్తే, ఒక్కో లేయర్ దగ్గర ఐదూ పదీ తెగి, నీ దాకా 45 వస్తుంది. మంచి రోజుల్లో ఇది చల్తా హై. మార్కెట్ పడిపోయినప్పుడు అదే రిక్వైర్‌మెంట్ యాభై మెయిలింగ్ లిస్టుల్లో తిరుగుతుంది, నీ రెజ్యూమె ఎవడు ఎక్కడ పడేశాడో నీకే తెలియదు.

ఇది నాకు జరిగిన సంగతి. 2009లో నా ప్రాజెక్టు అయిపోయింది. అప్పట్లో హెచ్-1బి వాళ్లకి ఇప్పుడున్న 60 రోజుల గడువు కూడా లేదు, అది 2017లో వచ్చింది. కంగారులో ఎవరు అడిగితే వాళ్లకి రెజ్యూమె పంపేశాను. శాన్ ఆంటోనియోలో నాకు సరిగ్గా సరిపోయే పని, మేనేజరుకి కూడా నచ్చాను. రెండు వైపుల నుంచి నా పేరే వచ్చిందని ఆ సబ్మిషన్లు రెండూ పక్కన పెట్టేశారు. వెండర్లు ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. ఇంట్లో నెలల పిల్ల, బ్యాంకులో రెండు నెలల అద్దె. మర్నాడు ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాను. తేదీ, క్లయింట్ పేరు, వెండర్ పేరు, రేటు, ఆర్టీఆర్ (నా రెజ్యూమె ఆ క్లయింట్‌కి పంపొచ్చని వెండర్‌కి రాసిచ్చే అనుమతి) ఇచ్చానా లేదా. ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది అది.

నువ్వూ అంతే చెయ్యి. క్లయింట్ పేరు, ఊరు, రేటు చెప్పనిదే ఆర్టీఆర్ మెయిలుకి ‘కన్ఫర్మ్’ అని కొట్టకు. ‘క్లయింట్ పేరు కాన్ఫిడెన్షియల్ బ్రో’ అంటే ‘అయితే వద్దు బ్రో’ అను. రోజుకి వంద అప్లికేషన్లు కొట్టడం మానేసి, ప్రైమ్ వెండర్లకి నేరుగా డబ్ల్యూ-2 మీద (అంటే పేరోల్లో ఉద్యోగిగా) వెళ్లే పనులు రోజుకి ఐదు వెతుకు. స్టెమ్‌కి వెళ్లేటప్పుడు నీ కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ మీద సంతకం పెట్టేవాడే నీకు నిజంగా ట్రైనింగ్ ఇవ్వాలి. 1099 మీద, అంటే ఉద్యోగిగా కాక సొంత కాంట్రాక్టరుగా చేస్తే, ఆ పొడిగింపు నడవదు. ఈ పునాది ఇప్పుడే చూసుకో.

ఎక్కడ వెతకాలంటే, అందరం డల్లాస్‌లో, ఎడిసన్‌లో కూర్చుంటాం. బిర్యానీ దొరుకుతుంది, గుడి ఉంది, నలుగురు మనవాళ్లున్నారు. కానీ కంపెనీలు చేతులు బిగించిన రోజుల్లో కొత్త యాప్‌లు ఆగిపోతాయి గానీ పాత సిస్టమ్‌ల నిర్వహణ, డేటా మార్పిడి, ఆడిట్ పనులు ఆగవు. అవి ఉండేది హార్ట్‌ఫర్డ్, డెమోయిన్ ఇన్సూరెన్స్ కంపెనీల్లో, షార్లెట్ బ్యాంకుల్లో, నాష్‌విల్ ఆసుపత్రుల్లో, రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లో. వారానికి ఐదు రోజులు ఆఫీసుకు రావాలంటారు, డెమోయిన్‌లో చలి ఎముకలు కొరుకుతుంది. అందుకే అక్కడ పోటీ తక్కువ. పెళ్లాం పిల్లలు లేని వయసు, ఒక సూట్‌కేసుతో వెళ్లిపోవచ్చు. అయితే ‘లోకల్స్ మాత్రమే’ అన్నచోట దొంగ అడ్రసు పెట్టకు, ‘వారంలో వచ్చేస్తాను’ అని సూటిగా రాయి.

డబ్బు దగ్గర ఒక చిన్న సంగతి, చాలామందికి తెలియదు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చిన మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండకూడదు, ఓపీటీలో కూడా. అంటే జీతంలో 7.65 శాతం. మొదటి పే స్లిప్ వచ్చిన రోజే చూసుకో, కోస్తే పేరోల్ వాళ్లకి మెయిల్ పెట్టు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఎవరికీ ఇవ్వకు. ‘మధ్యలో వెళ్లిపోతే ఇంత కట్టాలి’ అనే అగ్రిమెంట్ ముందు పెడితే ఆ రాత్రి సంతకం చెయ్యకు, ఇంటికి తెచ్చుకుని చదువు.

రేపు నీకు హెచ్-1బి వచ్చాక ‘బెంచ్ మీద ఉంటే జీతం ఇవ్వం’ అంటే నమ్మకు. పని లేదని కూర్చోబెట్టినా జీతం ఇచ్చి తీరాలి, అది కార్మిక శాఖ నియమం. ఇవ్వకపోతే డబ్ల్యూహెచ్-4 అనే ఫిర్యాదు ఫారం ఉంది. అది తర్వాత మాట.

థ్యాంక్స్‌గివింగ్ వస్తే ఇంటర్వ్యూలు మళ్లీ జనవరి రెండో వారం దాకా కదలవు. నీ గడువు ఎలాగూ దానికన్నా ముందే పడింది కాబట్టి సెప్టెంబరంతా గట్టిగా పట్టు. అక్టోబరు మొదటి వారానికీ ఏమీ రాకపోతే డీఎస్‌ఓ దగ్గర కూర్చుని, ఇంకో కోర్సులోకి సరైన పద్ధతిలో బదిలీ కుదురుతుందో లేదో అడుగు. లేదంటే రోజులు మిగిలుండగానే ఇండియా వెళ్లిపో. మీ నాన్నగారికి ఎలా చెప్పాలో తెలియకపోతే నాతో మాట్లాడించు, నేను చెబుతాను.

నీ రెజ్యూమె శుక్రవారంలోగా పంపు. వాళ్లు వండింది కాదు, నీది. శనివారం పొద్దున మా అమ్మాయిని కూచిపూడి క్లాసులో దింపి గంటసేపు కారులో ఖాళీగా కూర్చుంటాను, అప్పుడు చూస్తాను.