నిర్వహణ అన్న మాట తర్వాత మీ పేరు

ప్రశ్న: నేను కావలిలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మేం ఆరుగురం కలిసి ప్రతి శనివారం అరగంట రేడియో కార్యక్రమం తయారుచేస్తున్నాం. భోజన విరామంలో కళాశాల మైకుల్లో వినిపిస్తారు, తర్వాత ఇంటర్నెట్‌లో పెడతాం. ఇద్దరు మాట్లాడతారు, ఒకరు రాస్తారు, ఒకరు రికార్డింగ్, ఒకరు ఎడిటింగ్ చూస్తారు. నాది కేవలం అందరినీ కూడగట్టే పని. పోయిన వారం ఎడిటింగ్ పూర్తికాక కార్యక్రమం ఆగిపోయింది. మాట మాత్రం నాకే వచ్చింది. ‘గొంతు కూడా వినిపించని రేడియో నీకెందుకు?’ అంటున్నారు నాన్న. ఈ పనికి భవిష్యత్తు ఉందా? ఆపేయమంటారా?
– ఒక విద్యార్థిని, నెల్లూరు జిల్లా

జవాబు: ఆపవద్దు. ఆ తర్వాత, మీ ఉత్తరంలోని ‘కేవలం’ అన్న మాటను కొట్టేయండి.

ఆకాశవాణి వినే ఇళ్లలో పెరిగినవారికి ఒక అలవాటు తెలుసు. నాటిక పూర్తయ్యాక పాల్గొన్నవారి పేర్లు చెబుతారు, రచన ఎవరిదో చెబుతారు, సాంకేతిక సహకారం ఎవరిదో చెబుతారు, ‘నిర్వహణ’ అంటూ మరో పేరు చదువుతారు. మీరు చేస్తున్నది ఆ నిర్వహణే. సినిమాల వల్ల మనకు ప్రొడ్యూసర్ అనగానే డబ్బు పెట్టే నిర్మాత గుర్తుకొస్తారు. రేడియోలో ప్రొడ్యూసర్ పని వేరు. ఏ అంశం తీసుకోవాలి, ఎవరితో మాట్లాడించాలి, ఏది ఉంచాలి, ఏది కోసేయాలి, చెప్పిన వేళకు ఎలా వినిపించాలి అన్నవన్నీ ఆ మనిషి బాధ్యతలు. శ్రోత ఆ గొంతు వినడు, కానీ ఆ మనిషి చేతిలోంచి రాని కార్యక్రమాన్నీ వినడు. మీ నాన్నగారికి ఈ తేడా చెప్పండి. ఆయన అడిగిన ప్రశ్న తప్పేమీ కాదు, ఇంతవరకు ఆయనకు ఎవరూ జవాబు చెప్పలేదు, అంతే.

కొన్నేళ్ల క్రితం ఒంగోలులో ఇలాంటి విద్యార్థి బృందమొకటి నా దగ్గరికి వచ్చింది. పదవీ విరమణ చేసిన ఒక తపాలా ఉద్యోగితో నలభై నిమిషాలు మాట్లాడి వచ్చారు. సైకిలు మీద ఊళ్లు తిరిగిన రోజులు, మనీయార్డరు అందుకుని ఏడ్చిన తల్లులు, చదువురాని వారికి ఉత్తరాలు చదివిపెట్టిన సాయంత్రాలు, అన్నీ చెప్పారట ఆయన. తీరా వచ్చి చూసుకుంటే ఫోనులో ఉన్నది ఆరు నిమిషాలే. మధ్యలో కాల్ వచ్చి రికార్డింగ్ ఆగిపోయింది. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలని వెళ్లిన ముగ్గురికీ తెలుసు. పక్కవాడు పెట్టి ఉంటాడని ముగ్గురూ అనుకున్నారు. మళ్లీ వెళ్తే ఆయన మర్యాదగా మాట్లాడారు గానీ, మొదటిసారి గొంతులో పలికిన తడి రెండోసారి రాలేదు. అంతమంది ఉన్న చోట ‘ఇది చూసుకోవలసింది నేను’ అనే ఒక్క మనిషి లేకపోవడం వల్ల జరిగిన నష్టమిది. మీ బృందంలో ఆ మనిషి మీరు.

కాబట్టి పోయిన వారం కార్యక్రమం ఆగినందుకు మాట మీకు రావడం అన్యాయమని నేను అనను. ఎడిటింగ్ చేసేవారికి రికార్డింగు ఏ రోజు చేరింది? శుక్రవారం రాత్రి చేరి ఉంటే తప్పు ఎడిటింగుది కాదు, వారం లెక్కది. శనివారం వినిపించాలంటే బయటి రికార్డింగులు మంగళవారానికి, చదివే భాగాలు బుధవారానికి ముగియాలి. గురువారం, శుక్రవారం ఎడిటింగుకు వదిలేయండి. శుక్రవారం సాయంత్రం మొదటి నుంచి చివరి దాకా మీరొక్కరే కూర్చుని వినండి. ఇవి కాకుండా ఏ వారమైనా వినిపించగల ఒక అరగంట కార్యక్రమం పూర్తిగా సిద్ధంచేసి పక్కన పెట్టుకోండి. పండుగతో, పరీక్షతో, తాజా వార్తతో ముడిపడని అంశం ఉండాలి అందులో. అది మీ బీరువాలో ఉందన్న ధైర్యంతో ఎవరికి జ్వరం వచ్చినా శనివారం ఆగదు. వాడుకున్న వెంటనే దాని స్థానంలో మరొకటి తయారు కావాలి.

ఇక మీరు అన్నిటికంటే ముందు నేర్చుకోవలసింది క్యూ షీట్, అంటే కార్యక్రమంలోని భాగాలను వరుసగా చూపే పట్టిక, రాయడం. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ పనితనాన్ని రేపు ఎవరికైనా చూపించగల కాగితం ఇదే. ఒక పేజీలో గడులు గీయండి. వరుస సంఖ్య, అంశం, చేసేవారి పేరు, ఆ భాగం మొదలయ్యే మాటలు, ముగిసే మాటలు, నిడివి రాయండి. మొదటి, చివరి మాటలు రాయడం చాదస్తంగా అనిపిస్తుంది. కానీ ఆ భాగం ఎక్కడ అయిపోతుందో తెలియకపోతే తర్వాతి దాన్ని సరిగ్గా అందుకోలేరు. ఒకే ఇంటర్వ్యూకు మూడు ఫైళ్లున్నప్పుడు ఏది అసలైనదో తేల్చేవి కూడా ఆ మాటలే.

అరగంటను ఇలా పంచి చూడండి. సంకేత సంగీతం, పలకరింపు కలిపి ఒక నిమిషం. కళాశాల విశేషాలు నాలుగు. ఇంటర్వ్యూ మొదటి భాగం ఎనిమిది. ఎవరైనా విద్యార్థి పాడిన జానపదమో, చదివిన కవితో మూడు. ఇంటర్వ్యూ రెండో భాగం ఏడు. శ్రోతల స్పందన నాలుగు. పేర్లు, ముగింపు ఒకటి. కూడితే ఇరవై ఎనిమిది. మిగిలిన రెండు నిమిషాలను ఖాళీగానే ఉంచండి. ఏదో ఒక భాగం తప్పకుండా పెరుగుతుంది. రాసిన ప్రతి భాగాన్నీ గడియారం పెట్టుకుని పైకి చదివి నిడివి వేయండి. మనసులో చదివితే ఎప్పుడూ తక్కువే వస్తుంది, ఆ లెక్కను నమ్మవద్దు.

బృందంలో తగాదాల సంగతి మీరు రాయలేదు, కానీ ఆరుగురున్న చోట ఉండకపోవు. ఎక్కువగా రెండే కారణాలుంటాయి. మైకు ముందు కూర్చునేవారికి పేరొస్తుంది, మిగతావారికి రాదు. ఇంటర్వ్యూ చేసినవారు తమ ప్రశ్న ఒక్కటి కోసినా బాధపడతారు. మొదటిదానికి మందు పనులు మార్చుకోవడం. నాలుగు వారాలకొకసారి ఒకరి పని ఇంకొకరు చేయండి. మీరు కూడా మైకు ముందు కూర్చోవాలి. పేరు కోసం అనడం లేదు. నోటికి జానెడు దూరంలో మైకు పెట్టుకుని చదివితే ఎలా ఉంటుందో, ‘ప’, ‘బ’, ‘ఫ’ పలికినప్పుడు గాలి తగిలి ఎలా పగులుతుందో ఒంటికి తెలియాలి. అప్పుడే చదివేవారికి సలహా ఇవ్వగలరు. రెండోదానికి మందు ఒక ఒప్పందం. శుక్రవారం సాయంత్రం దాకా ఎవరైనా వాదించవచ్చు, ఆ తర్వాత నిర్ణయం ప్రొడ్యూసర్‌ది. తప్పొప్పుల ముచ్చట సోమవారం అందరూ కూర్చుని కార్యక్రమం మళ్లీ విన్నాకే. అక్కడ కూడా ‘నువ్వు పాడుచేశావు’ అనే మాట రానీయకండి. ‘పన్నెండో నిమిషంలో నాకు విసుగొచ్చింది’ అని చెప్పమనండి. నిమిషం చెప్పగలిగితే సరిచేయడం తేలిక.

మరొక్క మాట, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. కళాశాల గోడలు దాటి వెళ్లండి. కావలికి ఒకవైపు తుమ్మలపెంట తీరం, ఇంకోవైపు ఉదయగిరి. ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కే కళాకారుల దగ్గరికి వెళ్లారనుకోండి, ప్రశ్నలు అడగక ముందే ఒక నిమిషం పాటు ఎవరూ మాట్లాడకుండా ఆ చోటి చప్పుడు రికార్డు చేయండి. కొయ్య మీద ఆకురాయి గరగర, పొట్టు ఊదిన శబ్దం, పక్కింట్లో పిల్లవాడి పిలుపు. తర్వాత ఎడిటింగులో మాటకూ మాటకూ మధ్య కోత పడినప్పుడు ఆ అతుకును కప్పేది ఈ నిమిషమే. శ్రోతను అక్కడికి తీసుకెళ్లి కూర్చోబెట్టేది కూడా ఇదే. తీరానికి వెళ్తే గాలి మీ శత్రువు. మైకుకు పలచటి స్పాంజి తొడిగి, గాలికి మీ వీపు అడ్డుపెట్టి నిలబడండి. ఎదుటివారి అనుమతిని వారి గొంతుతోనే రికార్డు చేసుకోండి. ఎక్కడ వినిపిస్తారో కూడా ముందే చెప్పండి. ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. మామూలు ఫోను, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, పరుపులు దుప్పట్లు ఉన్న హాస్టల్ గది చాలు. మెత్తటి గుడ్డలు ప్రతిధ్వనిని మింగేస్తాయి.

రెండు జాగ్రత్తలు. ఇంటర్నెట్‌లో పెట్టే కార్యక్రమంలో హక్కుదారుల అనుమతి లేకుండా సినిమా పాటలు వాడకండి, కాపీరైట్ చిక్కులు వస్తాయి. స్థానికంగా పాడేవారిని వెతికి, అడిగి, పాడించుకోండి. ఉత్సాహం కొద్దీ ఎవరైనా చిన్న ట్రాన్స్‌మిటర్ కొని ప్రసారం చేద్దామంటే ఒప్పుకోకండి. లైసెన్సు లేని ప్రసారం నేరం. సరైన దారి కమ్యూనిటీ రేడియో, అంటే స్థానికుల కోసం లైసెన్సుతో నడిచే చిన్న రేడియో కేంద్రం. దానికి కళాశాల యాజమాన్యమే దరఖాస్తు చేయాలి. విద్యాసంస్థలకు కేంద్రం 2002 చివర్లో ఈ అవకాశం ఇచ్చింది. 2004 ఫిబ్రవరిలో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో అన్నా ఎఫ్.ఎం. మొదలైంది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా అనుమతి దక్కింది. 2008 నుంచి జహీరాబాద్ ప్రాంతంలో సంఘం రేడియోను పల్లె మహిళలే నడుపుతున్నారు. వారి గురించి మీ బృందమంతా తెలుసుకోవాలి.

ఇప్పుడు ఉద్యోగాల విషయం. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆకాశవాణిలో శాశ్వత నియామకాలు అరుదైపోయాయి. క్యాజువల్ అనౌన్సర్లను, అంటే శాశ్వత ఉద్యోగం కాకుండా డ్యూటీల లెక్కన పనిచేసేవారిని, రాత పరీక్ష, స్వర పరీక్ష పెట్టి తీసుకుంటారు, కానీ సాధారణంగా నెలకు ఆరు డ్యూటీలకు మించి ఉండవు. దాన్ని అనుభవంగా చూడండి, జీతంగా లెక్కవేయవద్దు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్.ఎం. చానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో మనకు దగ్గరి ఒంగోలు, చీరాల ఉన్నాయి. వేలానికి ఆమోదం అంటే స్టేషను పెట్టినట్టు కాదు, అందుకని దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. కానీ రేడియోలో నేర్చిన పనికి ఇవాళ రేడియో ఒక్కటే చోటు కాదు. పాడ్‌కాస్టులు, ఆడియో పుస్తకాలు, పాఠాల రికార్డింగులు, ప్రకటనలు, ఆరోగ్య, వ్యవసాయ ప్రచారాలు చేసే సంస్థలు, ఇవన్నీ వేళకు పని ముగించే నిర్వాహకుల కోసం చూస్తుంటాయి. మంచి గొంతులు చాలానే దొరుకుతాయి. ఆరుగురిని కలిపి అరగంటను తయారుచేయగల మనిషి దొరకడం కష్టం.

చదువు విషయానికొస్తే, మీ బీఎస్సీ దీనికి అడ్డం కాదు. డిగ్రీ పూర్తయ్యాక జర్నలిజం, కమ్యూనికేషన్ పీజీ చేయాలనుకుంటే తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, గుంటూరు దగ్గర ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశాలకు ఏపీ పీజీసెట్ రాయాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఢిల్లీలోని జర్నలిజం విద్యాసంస్థ ఐఐఎంసీ కావాలంటే సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. మీకు మనుషులకంటే శబ్దం మీద ఎక్కువ ఆసక్తి ఉందని తేలితే పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో సౌండ్ కోర్సు వివరాలు చూడండి. డిగ్రీ తర్వాత మూడేళ్లు చదవాలి, మీరు ఫిజిక్స్ చదువుతున్నట్లయితే అది అక్కడ పనికొస్తుంది. అయితే ఏ కోర్సు చేరినా చేరకపోయినా, మూడో సంవత్సరం ముగిసేసరికి మీ దగ్గర ఒక ఫోల్డరు ఉండాలి. మీరు నిర్వహించిన వాటిలో మేలైన ఐదు కార్యక్రమాలు, ఒక్కోదాని క్యూ షీట్, అందులో ఏ నిర్ణయం మీదో చెప్పే నాలుగు వాక్యాలు. ఆగిపోయిన వారం గురించి కూడా ఒక పేజీ రాసుకోండి, ఏం జరిగింది, తర్వాత ఏం మార్చారు అని. ఇంటర్వ్యూలో అడిగితే అది దాచుకోవలసిన విషయం కాదు.

నాన్నగారి భయం మార్కుల గురించి అయితే దానికి మాటలు చాలవు. సెమిస్టర్ పరీక్షలకు మూడు వారాల ముందు కార్యక్రమానికి విరామం ప్రకటించండి. ఏ శనివారం తిరిగి వస్తారో తేదీతో సహా చెప్పి ఆపండి. అలా ఆపడమూ ప్రొడ్యూసర్ చేయవలసిన పనే. ఆ తేదీని ఇంట్లో గోడ క్యాలెండర్ మీద మీ చేత్తోనే గుర్తుపెట్టండి, నాన్నగారు చూస్తుండగా.

ఈ శనివారం కార్యక్రమం చివర ఆరుగురి పేర్లూ చదివించండి. ఎవరు ఏ పని చేశారో కూడా చెప్పించండి. నిర్వహణ అన్న మాట తర్వాత మీ పేరు రావాలి. ఆ రికార్డింగు ఇంటికి తీసుకెళ్లి నాన్నగారి పక్కన కూర్చుని మొదటి నుంచి వినిపించండి. ఎక్కడ ఆపి ఆయన ఏమడుగుతారో ఆ ప్రశ్నలన్నీ రాసుకోండి. మీ సోమవారం సమావేశానికి అవి పనికొస్తాయి.