జోకు తరవాత, ముందు లెక్క చూసుకో

అమ్మాయీ,

నువ్వు పంపిన మూడు కాగితాలూ అందాయి. సైన్స్ వార్తలు చదివి, వాటి మీద నాలుగు చురుకైన మాటలు రాసి పత్రికకి పంపాలని సరదా పడుతున్నావు. సంతోషం. ముప్ఫై ఏళ్లుగా ఈ పిచ్చి నాకూ ఉందని సలహా అడిగావు. పొగడ్త కోసమే అయితే మీ అమ్మకి చూపించాల్సింది.

మొదటి కాగితం ఫ్యూజన్ గురించి, అంటే సూర్యుడిలో జరిగినట్టు అణుకేంద్రకాల్ని కలిపి శక్తి పుట్టించడం గురించి. "సూర్యుణ్ణి సీసాలో బంధించారట, ఇక కరెంటు బిల్లు కట్టేవాడు పిచ్చివాడు" అని రాశావు. మాట బాగుంది. కానీ అసలు వార్త అది కాదు. 2022 డిసెంబరు 5న అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో లేజర్లతో 2.05 మెగాజౌళ్ల శక్తిని మిరియపు గింజంత ఇంధన గుళిక ఉన్న గొట్టంలోకి పంపితే, 3.15 మెగాజౌళ్లు బయటికొచ్చాయి. పెట్టినదానికన్నా ఎక్కువ రావడం నిజంగానే ఘనత. అయితే ఆ లేజర్లను వెలిగించడానికి కరెంటు లైన్ల నుంచి లాగింది సుమారు 300 మెగాజౌళ్లు. వంద పెట్టి ఒకటి సంపాదించినట్టు. ఇప్పుడు చెప్పు, నవ్వు ఎక్కడుంది? సీసాలో సూర్యుడి దగ్గరా, ఈ లెక్క దగ్గరా? "మన బిల్లు మాట అటుంచండి, ఆ ప్రయోగశాల బిల్లు ఎవరు కడుతున్నారో కనుక్కోండి" అని రాసి ఈ మూడు అంకెలూ కింద పెట్టు. చదివినవాడు నవ్వుతాడు, ఆ మూడు అంకెలూ వాడికి గుర్తుండిపోతాయి.

వార్త చదవడం దగ్గరే సగం పని అయిపోతుంది. శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉంటే "కాదు" అని జవాబు చెప్పుకుని లోపలికి వెళ్లు. బ్రిటిష్ జర్నలిస్టు ఇయాన్ బెటరిడ్జ్ 2009లో ఈ సూత్రం చెప్పాడు, ఇంతవరకూ నన్ను పెద్దగా మోసం చెయ్యలేదు. ఆ తరవాత "ఎలుకల్లో" అనే మాట ఎన్నో పేరాలో దాక్కుందో వెతుకు. క్యాన్సర్, మతిమరుపు, ఊబకాయం అన్నీ ఎలుకలకి ఎప్పుడో నయమైపోయాయి. ఆ జాతికి పట్టిన అదృష్టం మనిషికి ఇంకా పట్టలేదు.

శాతాల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఇక్కడ నాకు జోకులు రావు. 1995లో బ్రిటన్‌లో ఒక హెచ్చరిక వచ్చింది: కొన్ని కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని. రెట్టింపు, అంటే 100 శాతం పెరుగుదల. విన్న ఆడవాళ్లు హడలిపోయి మాత్రలు మానేశారు. దాంతో అనుకోని గర్భాలు, అబార్షన్లు పెరిగాయి. ఆ "100 శాతం" లోపల ఉన్న అసలు లెక్క ఏమిటంటే, 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందని. గర్భం వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రలకన్నా ఎక్కువ. కాబట్టి "ఇంత శాతం పెరిగింది" అని ఎక్కడ చదివినా "ఎంత నుంచి ఎంతకి?" అని అడుగు. ఆ ఒక్క ప్రశ్నే రాసి పంపినా నీ ఉత్తరం వార్తకంటే ఎక్కువ పనిచేస్తుంది.

బ్యాటరీ వార్తలకి ఇంత కష్టం కూడా అక్కర్లేదు. "ఐదు నిమిషాల్లో కారు ఫుల్ ఛార్జ్" అన్నారనుకో. బ్యాటరీ 60 యూనిట్లది అయితే, ఐదు నిమిషాలంటే గంటలో పన్నెండో వంతు, 60ని 12తో గుణించు. 720 కిలోవాట్లు. రెండు కిలోవాట్ల గీజర్లు 360 ఒకేసారి వేసినట్టు. అసాధ్యమని నేననను. తీగ ఎంత లావుండాలి, వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ ఏమంటుంది అని అడగమంటున్నాను. ప్రయోగశాలలో గోరంత ముక్క మీద పరీక్ష జరిగి, కారు ఎప్పుడు కొనుక్కోవచ్చో కూడా వార్తలో చెప్పేస్తే మనవాళ్ల సామెత సిద్ధంగా ఉంది: ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఏడాదికి ఒక్కసారే వాడు. నేను పదిసార్లు వాడి అరగదీశాను.

నీ రెండో కాగితం, శాస్త్రవేత్తలకి పనీపాటా లేదన్నది, చింపేశాను. కోపం తెచ్చుకోకు, ఎందుకో చెబుతాను.

1997 ఏప్రిల్‌లో నేనూ అదే పని చేశాను. నెదర్లాండ్స్‌లో ఎవరో బతికున్న కప్పని అయస్కాంతంతో గాలిలో తేలించారని చదివాను. నెల ఏప్రిల్, జంతువు కప్ప. ఇంకేం, "ఏప్రిల్ ఫూల్ వార్త ఈ ఏడాది కాస్త ఆలస్యంగా వచ్చింది, రైళ్ల సావాసం కాబోలు" అని ఒక పత్రికకి రాశాను. వేశారు కూడా. నెల తిరక్కుండా ఒక ఫిజిక్స్ లెక్చరర్ జవాబు రాశాడు. నీటిని అయస్కాంత క్షేత్రం చాలా కొద్దిగా దూరం నెడుతుందనీ, కప్ప ఒళ్లంతా దాదాపు నీరేననీ, క్షేత్రం 16 టెస్లాల దాకా ఉంటే, అంటే ఫ్రిజ్ తలుపుకి అంటించే బిళ్లకంటే వెయ్యి రెట్లకు పైగా ఉంటే, ఆ కాస్త నెట్టుడే కప్ప బరువుని మోస్తుందనీ ఓపిగ్గా చెప్పాడు. చివర్లో ఒక వాక్యం: "కప్ప క్షేమంగానే దిగింది, కిందపడింది ఉత్తరం రాసినాయనే." ముప్ఫై ఏళ్లలో నేను చదివిన ఉత్తమ చురక అది. నాకే తగిలింది కాబట్టి గుర్తుండిపోయింది. ఆ కప్పని తేలించిన ఆండ్రే గైమ్‌కి 2000లో ఇగ్ నోబెల్ వచ్చింది, ముందు నవ్వించి తరవాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి. 2010లో అసలు నోబెలే వచ్చింది, ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ పొర గ్రాఫీన్‌కి. ఆ గ్రాఫీన్‌ని ఎలా తీశారో తెలుసా? పెన్సిల్లో ఉండే గ్రాఫైట్ మీద సెల్లోటేప్ అంటించి, పీకి.

నవ్విన నాపచేనే పండుతుందన్న సామెతకి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం కావాలంటే 1920 నాటిది ఉంది. అమెరికా రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడ్డార్డ్ తన రాకెట్ చంద్రుడి దాకా పోగలదన్నందుకు న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయంలో ఎగతాళి చేసింది. శూన్యంలో రాకెట్‌కి ఆనుకుని నెట్టడానికి ఏముంటుంది, హైస్కూల్లో చెప్పే పాఠం కూడా ఈయనకి తెలియదే అని. నిజానికి రాకెట్ గాలిని నెట్టదు, తన లోపలి వాయువుని వెనక్కి విసురుతుంది, ఆ విసురే దాన్ని ముందుకి తోస్తుంది. 1969 జులై 17న, అపోలో 11 బయల్దేరిన మర్నాడు, మనుషులు చంద్రుడి దారిలో ఉండగా ఆ పత్రిక సవరణ వేసింది. 49 ఏళ్లు పట్టింది. నీ తప్పు దిద్దుకోవడానికి అంత వ్యవధి తీసుకోకు. తప్పు తేలితే నువ్వే ముందుగా, కుదిరితే నవ్వుతూ, రాసెయ్యి.

"బల్లి విషం మీద పరిశోధనా!" అన్న మాట కూడా నీ కాగితంలో ఉంది. గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి నోటిలో జాన్ ఎంగ్ అనే డాక్టరు ఒక పదార్థం కనిపెట్టాడు. దాన్నుంచి వచ్చిన ఎక్సెనటైడ్ అనే డయాబెటిస్ మందుకి అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది. ఇప్పుడు బరువు తగ్గడానికని అందరూ చెప్పుకునే ఇంజెక్షన్ల తరగతిలో అదే మొదటిది. జాగ్రత్త, ఇప్పటి సెమాగ్లూటైడ్ బల్లిలోంచి రాలేదు, మన ఒంట్లోని హార్మోన్‌ని పోలి తయారుచేశారు. ఆ ముక్క రాయకపోతే నన్ను దిద్దిన లెక్చరర్ లాంటివాడు నిన్నూ దిద్దుతాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ప్రతి ఊళ్లోనూ పత్రిక చదువుతుంటాడు.

మరి ఎవరిని చూసి నవ్వాలి అంటావా? 2011 సెప్టెంబరు నాటి న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాల గొడవ చూడు. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకి 730 కిలోమీటర్లు. న్యూట్రినోలు కాంతికంటే 60 నానోసెకండ్లు ముందు చేరినట్టు కొలతల్లో కనిపించింది. కాంతిని మించిన వేగం లేదన్న ఐన్‌స్టీన్ మాటకి ఇది ఎదురు. ఆ శాస్త్రవేత్తలు డప్పు కొట్టుకోలేదు. మా లెక్కలో తప్పెక్కడుందో మాకు దొరకడం లేదు, మీరూ చూడండి అన్నారు. చివరికి తేలింది ముఖ్యంగా ఒక ఆప్టికల్ ఫైబర్ కేబుల్ సరిగా బిగించలేదని. ఐన్‌స్టీన్ గెలిచాడు, ప్లగ్గు ఓడింది. వాళ్లని ఎగతాళి చేస్తే నాకు నచ్చదు. పనిచేసిన తీరు శుభ్రంగా ఉంది. నవ్వాల్సింది అప్పుడు ఇటలీ విద్యాశాఖ ఇచ్చిన ప్రకటనని చూసి: సెర్న్ నుంచి గ్రాన్ సాసో దాకా సొరంగం తవ్వడానికి తమ దేశం కూడా డబ్బిచ్చిందని గర్వంగా చెప్పుకుంది. సొరంగమే లేదు. న్యూట్రినోలు రాయిలోంచి, మట్టిలోంచి, మనలోంచి కూడా అడక్కుండానే పోతాయి. "730 కిలోమీటర్లకి టోల్‌గేట్లు ఎన్ని పెట్టారో?" అని అడిగితే చాలు, ఇంకో మాట అక్కర్లేదు. తెలియదని ఒప్పుకున్నవాణ్ణి వదిలెయ్యి, తెలుసని బోర విరుచుకున్నవాణ్ణి పట్టుకో. రాత్రి డ్యూటీలో ఏజెన్సీ వార్తని హడావిడిగా అనువదించిన కుర్ర సబ్-ఎడిటర్ "కాంతి సంవత్సరాల క్రితం" అని రాశాడనుకో, అది దూరం, కాలం కాదు అని మర్యాదగా చెప్పి ఊరుకో. వాడి మీద పేరాలకి పేరాలు పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

కొన్ని వార్తలకి మనం జోకు కలపక్కర్లేదు, చెడగొట్టకుండా చెబితే చాలు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపుకి ఏళ్ల తరబడి వింత సంకేతాలు కొన్ని అందేవి. 2015లో దొంగ దొరికింది. టెలిస్కోపు ఉన్నచోటే మైక్రోవేవ్ ఓవెన్. టైమర్ పూర్తయ్యేలోపు ఆత్రంగా తలుపు లాగితే, ఆగిపోతున్న ఆ క్షణంలో ఒక రేడియో తరంగం తప్పించుకునేది. ఇక్కడిదాకా చెప్పి అందరూ నవ్వి వెళ్లిపోతారు. నువ్వు ఇంకో రెండు వాక్యాలు రాయి. అదే టెలిస్కోపు పట్టిన ఇంకో రకం సంకేతాలున్నాయి, ఫాస్ట్ రేడియో బరస్ట్‌లని 2007లో బయటపడ్డవి. ఓవెన్ గుట్టు రట్టయ్యాక అవీ ఇలాంటివేనేమోనన్న అనుమానం పోయింది, అవి నిజంగా సుదూర గెలాక్సీల నుంచి వస్తున్నవే. జోకు చివర చదివేవాడికి కొత్త తలుపొకటి తెరుచుకుంటే ఆ ఉత్తరాన్ని దాచుకుంటాడు.

కృత్రిమ మేధ మీద "రోబోలు మనల్ని ఏలేస్తాయి" జోకు మానెయ్యి. ఇన్నేళ్లలో అది నవ్వించగా నేను చూడలేదు. ఒక ఉత్తరానికి ఒక చమత్కారం చాలు, రెండోది మొదటిదాని గొంతు పిసుకుతుంది. ఆశ్చర్యార్థకాలు తీసెయ్యి, అవి రాసినవాడే ముందు నవ్వుతున్నట్టు ఉంటాయి. రాసి ఒక రాత్రి పక్కన పెట్టు. పొద్దున్న నీకే వెగటనిపించిన వాక్యం ఉంటుంది చూడు, అది సాధారణంగా నువ్వు రాత్రి అన్నిటికన్నా మురిసిపోయిన వాక్యమే.

ఇక మూడో కాగితం, అపోఫిస్ గ్రహశకలం. ఇది పంపు. "2029లో ప్రళయం, ఇంటి లోను వాయిదాలు ఆపేయండి" అన్నది మొదలుకి సరిపోతుంది, అక్కడితో ఆపడమే తప్పు. 2004లో కనిపెట్టిన కొత్తలో అది భూమిని కొట్టే అవకాశం 2.7 శాతం దాకా లెక్క తేలింది, భయం ఊరికే పుట్టలేదు. కొలతలు పెరిగేకొద్దీ అది కరిగిపోయింది. 2021 రాడార్ పరిశీలనల తరవాత కనీసం వందేళ్లపాటు ముప్పు లేదని నాసా తేల్చింది. 2029 ఏప్రిల్ 13న అది నేలకి సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తులో దాటిపోతుంది. టీవీ ఉపగ్రహాలు తిరిగే ఎత్తు 35,786 కిలోమీటర్లు, అంటే వాటి కిందనుంచే. కొన్ని ప్రాంతాల వాళ్లు మామూలు కంటితో చూడొచ్చు కూడా. ఇవన్నీ మూడు వాక్యాల్లో సర్ది, చివర "మే నెల వాయిదా మామూలుగానే కట్టాలి" అని ముగించు. పెన్సిల్‌తో గుర్తులు పెట్టి వెనక్కి పంపుతున్నాను.

ఆ 35,786 మాత్రం నా మాట మీద రాసెయ్యకు, నువ్వొకసారి చూసుకో.

ఆశీస్సులతో,
మావయ్య