ఆపరేషన్ తర్వాత సీఈఏ పెరిగితే పెద్దపేగు క్యాన్సర్ తిరగబెట్టినట్టేనా?

మీ నాన్నగారికి ఆపరేషన్ అయ్యాక తగ్గిన సీఈఏ (పేగు క్యాన్సర్‌ని కనిపెట్టుకుని ఉండటానికి రక్తంలో చూసే ఓ ప్రొటీన్) ఇప్పుడు 6 దాటిందని, రోగం తిరగబెట్టినట్టేనా అని అడిగారు. ఒక్క రిపోర్టు చూసి అలా తేల్చేయకండి. నేను డాక్టర్ని కాను, నరసన్నపేట దగ్గర పల్లెటూరివాణ్ణి. మా పెద్దమ్మ ఫైలు చంకన పెట్టుకుని విశాఖ తిరిగిన అనుభవంతో చెబుతున్నాను.

ఆవిడకి పెద్దపేగులో కణితి. ఆపరేషన్‌కి ముందు సీఈఏ బాగా ఎక్కువ. కణితి తీసేశాక నెలన్నరకల్లా మామూలుకొచ్చింది. అలా దిగడం మంచి లక్షణమని, దిగకపోతే ఎక్కడో ఏదో మిగిలిందని అనుమానించాలని సర్జన్ చెప్పారు. ఆ తర్వాత మూడేసి నెలలకోసారి పరీక్ష. ఒకసారి రాత్రిపూట ఫోన్‌లో పీడీఎఫ్ పడింది. 7.1, పక్కన ఎర్ర గుర్తు. ఇంట్లో ఏడుపులు. ఇచ్ఛాపురం నుంచి బావ రాత్రికి రాత్రే దిగిపోయాడు. డాక్టర్ నోట వినాల్సిన మాటని వాట్సాప్‌లో పడేసి నిద్రపోయే ఈ ల్యాబ్‌వాళ్ళకి ఓ దండం.

మర్నాడు డాక్టర్ రిపోర్టు ఓసారి చూసి, "అమ్మా, చుట్ట మళ్ళీ మొదలెట్టారా?" అన్నారు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా వైపు ఆడవాళ్ళ అడ్డపొగ గురించి తెలియనివాళ్ళకి చెబుతున్నా, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఆపరేషన్‌తో మానేసిందనే అనుకున్నాం. "పొద్దున్నొకటి, రేతిరొకటి బాబూ. దానికే రగతం పాడైపోద్దేటి?" అంది.

పొగ తాగేవాళ్ళలో సీఈఏ కాస్త ఎక్కువే ఉంటుందట. కాలేయం జబ్బున్నా, పేగులు వాచినా, క్లోమం వాచినా పెరుగుతుంది. కొన్ని కీమో మందులు ఎక్కించేటప్పుడు కూడా పైకి లేచి, దానంతటదే దిగుతుంది. పైగా మేము ఆసారి వేరే ల్యాబ్‌లో ఇచ్చాం. పరీక్ష చేసే కిట్ మారితే అంకె మారుతుంది. అందుకే మొదటి నుంచీ ఒకే ల్యాబ్‌ని పట్టుకుని ఉండాలి. డాక్టర్ సీటీ స్కాన్ తీయించారు, ఏమీ లేదు. చుట్ట మానిపించి, పాత ల్యాబ్‌లో మళ్ళీ ఇస్తే 4 లోపుకి దిగింది. ఇల్లంతా వెతికితే అటక మీద పొగాకు కట్ట దొరికింది, అది వేరే రామాయణం.

అలాగని నెపం చుట్ట మీదకి నెట్టేసి కూర్చోకండి. రెండోసారి కూడా పెరిగే ఉంటే స్కాన్ ఆలస్యం చేయకూడదు. కాలేయంలోకి పాకినా, తొందరగా పట్టుకుంటే కొందరికి ఆపరేషన్‌తో తీసేయగలరు. ఆ పరీక్ష పెట్టిందే అందుకు.

నా అసలు బాధ వేరే ఉంది. కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో ఎవర్ని కదిపినా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో చెప్పినట్టు, పేగు క్యాన్సర్ వచ్చిన ఇంట్లో అందరికీ సీఈఏ నోటికొచ్చు. అది 1965లో మాంట్రియల్‌లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ కనిపెట్టినది. ఇప్పటికీ దాని చుట్టూనే తిరుగుతున్నాం. కణితి ముక్కలో చూసే ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు ప్రొటీన్ల సంగతి ఎవరూ అడగరు. డీఎన్ఏలో తప్పులు దిద్దేవి అవి, వాటిని చూసే పరీక్షనే ఎంఎంఆర్ అంటారు. రెండో స్టేజీలో వీటిలో ఏదైనా లేదని తేలితే మంచిదే, తిరగబెట్టే భయం తక్కువ, 5-ఎఫ్‌యూ అనే మందు ఒక్కటే ఇచ్చే కీమోతో పెద్దగా ఒరిగేదీ ఉండదు. ముదిరిన క్యాన్సర్ అయితే ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రక్షణ శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే వైద్యం) పనిచేసే అవకాశం ఎక్కువ. వంశంలో దిగే లించ్ సిండ్రోమ్ ఉందేమో కూడా చూడాలి, ఉంటే తోబుట్టువులకీ పిల్లలకీ కూడా అది దిగిందేమో చూడాలి, దిగినవాళ్ళకి కొలనోస్కోపీ (పెద్దపేగులోకి గొట్టం పెట్టి చూసే పరీక్ష) తప్పదు. ఇంత చెప్పే పరీక్షని మాకు మొదటి ఆసుపత్రిలో రాయనే లేదు. విశాఖలో "ఎంఎంఆర్ ఏదీ?" అని అడిగాకే అలాంటిదొకటి ఉందని తెలిసింది. పెద్దమ్మకి నాలుగూ ఉన్నాయని వచ్చింది.

మీ నాన్నగారి బయాప్సీ రిపోర్టు తీసి, అందులో ఎంఎంఆర్ అన్న మాట ఉందేమో చూడండి. లేకపోతే డాక్టర్ని అడగండి. వేరే చోట చేయించమంటే ఆపరేషన్ చేసిన ఆసుపత్రి నుంచి కణితి బ్లాక్ (దాచిపెట్టిన కణితి ముక్క) తెచ్చుకోవాలి. సంతకాలని, జిరాక్సులని ఓ పూటంతా తిప్పుతారు, ఓపిక పట్టండి. తెచ్చేటప్పుడు మాత్రం ఎండలో స్కూటీ డిక్కీలో పడేయకండి, ఆ ముక్క ఉండేది మైనంలో.